ముప్పై ఏడు క్యారేజీలు

ముప్పై అయిదు. ముప్పై ఆరు. ముప్పై ఏడు.

శౌరయ్య ఆగి, ఈసారి కుడివైపు నుంచి మొదలుపెట్టాడు. రేకుల షెడ్డు వెనకగోడకి కట్టిన ఇనపతీగె మీద అన్నం క్యారేజీలు వరసగా వేలాడుతున్నాయి. అల్యూమినియంవి, ఇత్తడివి, ఒకటి రెండు పాలపొడి డబ్బాకి తీగె చుట్టి తయారుచేసుకున్నవి. మళ్ళీ ముప్పై ఏడే వచ్చింది.

మనుషుల్ని లెక్కపెట్టబోతే కదిలిపోతారు. ఒకడు లారీ కిందికి దూరతాడు, ఒకడు టీ తాగడానికి పోతాడు. ప్యాంటు తొడుక్కుని కాగితాలతో ఎవరైనా వచ్చాడంటే సగంమంది వెనక గుమ్మంలోంచి మాయమవుతారు. క్యారేజీ మాత్రం ఒంటిగంట దాకా తీగె దిగదు. పనిలేనివాడు అన్నం మోసుకుని రాడు. ఈ సంగతి శౌరయ్యకి ఏ సర్క్యులర్లోనూ దొరకలేదు. ఆర్నెల్లుగా ఆఫీసుకి ముందు సైకిలు తొక్కుకుంటూ ఆటోనగర్ వచ్చి సొంతంగా నేర్చుకున్నాడు.

అతనికి యాభై నాలుగేళ్ళు. సన్నగా, కొంచెం ముందుకి వంగి ఉంటాడు. కళ్ళజోడు ఎడమకాడ విరిగితే అమలమ్మ నల్లదారం చుట్టి ఇచ్చింది. జేబు మీద సిరామరక ఏ చొక్కాకైనా అదే చోట ఉంటుంది. పొద్దున్నుంచి ఎడమ భుజం లాగుతోంది. సైకిలు హ్యాండిలు వంకరగా ఉండటం వల్లేననుకున్నాడు.

గవర్నర్‌పేటలో ఒక లాడ్జి పైన ఉన్న ప్రభుత్వ ఉపాధి కార్యాలయంలో అతను లెక్కల గుమాస్తా. ఈ ప్రాంతంలో ఏ పనికి ఎంతమంది కావాలో, ఎంతమంది ఖాళీగా ఉన్నారో మూడు నెలలకోసారి లెక్కకట్టి పైకి పంపాలి. ఆ లెక్క చూసి పైవాళ్ళు ఏ బడిలో ఏ పని నేర్పాలో నిర్ణయిస్తారు. లెక్క తప్పితే బడి తప్పుతుంది. బడి తప్పితే పిల్లల బతుకు తప్పుతుంది. ఈ రెండో మాట ఆఫీసులో ఎవరూ అనరు.

"శౌరయ్యగారూ! అక్కడేం చేస్తున్నారండీ గోడకేసి చూస్తా? రండి, టీ చల్లారిపోతోంది."

షెడ్డు యజమాని రత్తయ్య పిలిచాడు. కంకిపాడు దగ్గర రెండెకరాలు అమ్మి లారీ బాడీలు కట్టే వ్యాపారంలోకి దిగిన మనిషి. చెయ్యి పెద్దది, గొంతు ఇంకా పెద్దది. ఆటోనగర్‌లో అతని మాట పది షెడ్లలో చెల్లుతుంది. అందుకే మూడు వారాల కిందట శౌరయ్య పది ఖాళీ ఫారాలు అతని చేతిలో పెట్టి వెళ్ళాడు.

రత్తయ్య సొరుగులోంచి ఫారాల కట్ట తీసి బల్లమీద గర్వంగా పడేశాడు.

"పదీ చేయించా. ఒక్కొక్కడి దగ్గరికి నేనే తిరిగా. ఎవడూ కుదరదనలేదు."

శౌరయ్య ఆత్రంగా రబ్బరు బ్యాండు తీశాడు. మొదటి ఫారం రత్తయ్యదే. పనివారి సంఖ్య: ఇరవై నాలుగు. ఖాళీలు: లేవు. రాబోయే రెండేళ్ళలో కావలసినవారు: లేరు. రెండో ఫారం: ఇరవై నాలుగు, లేవు, లేరు. మూడోది: ఇరవై రెండు. నాలుగోది మళ్ళీ ఇరవై నాలుగు.

పాతికమంది, అంతకు మించి పనిచేసే చోటు నుంచి యజమాని మూడు నెలలకోసారి లెక్క పంపాలని చట్టం. పాతిక కంటే తక్కువైతే అక్కర్లేదు. అందుకే ఆటోనగర్‌లో ఎవరి దగ్గరా పాతికమంది ఉండరు.

"రత్తయ్యగారూ, మీ దగ్గర ఇప్పుడు ముప్పై ఏడుగురున్నారు."

"ఎవరు చెప్పారు?"

"మీ తీగె చెప్పింది."

రత్తయ్య వెనక్కి తిరిగి తీగెకేసి చూసి పెద్దగా నవ్వాడు. "ఓరి నాయనో! మా ఆవిడ కూడా నన్నింత కాపలా కాయదండీ."

శౌరయ్య నవ్వలేదు. "గ్యాసు వెల్డరు దొరక్క నాలుగు లారీలు ఎండలో నిలబెట్టానని మొన్న మీరే కదండీ నా దగ్గర మొత్తుకున్నారు? ఖాళీలు లేవని రాస్తారేంటి?"

"మొత్తుకోవడం వేరు, సంతకం పెట్టడం వేరు. ముప్పై ఏడని రాస్తే రేపు ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు దిగుతాడు, ఎల్లుండి పి.ఎఫ్. ఆయన దిగుతాడు. ఖాళీ ఉందని రాస్తే మీరు ఇస్త్రీ చొక్కా బి.ఏ. ఒకణ్ణి పంపిస్తారు. సుత్తి ఏ కొస పట్టుకోవాలో వాడికి చెప్పేసరికి నా వ్యాపారం మూతపడుద్ది."

"ఇవి ఇన్‌స్పెక్టర్లకి పోవండీ. బడి కోసం. మీకు రేపు వెల్డర్లు కావాలంటే ఈరోజు..."

"బడికైనా జైలుకైనా కాగితం కాగితమేనండీ." రత్తయ్య గొంతు తగ్గించాడు. నిజంగానే నొచ్చుకున్నాడు. "సంతకాలు కావాలన్నారు. మీ మొహం చూసి తెచ్చిపెట్టా. లోపల ఏం రాయాలో మీరు చెప్పలేదుగా?"

చెప్పలేదు. నిజమే. ఇరవై తొమ్మిదేళ్ళ సర్వీసులో ఫారంలో ఏం రాయాలో శౌరయ్య ఎవరికీ చెప్పలేదు. చెప్పకూడదనేది అతని నియమం. ఆ నియమమే ఇప్పుడు రబ్బరు బ్యాండు కట్టుకుని అతని చేతిలో కూర్చుంది.

టీ తాగకుండానే లేచాడు. టైము పదీ ఇరవై.

*

డెల్టాలో కొత్తగా ఒక ఐ.టి.ఐ. పెడుతున్నారు. అందులో ఒక విభాగానికి నలభై ఎనిమిది సీట్లు. వెల్డింగూ, రేకుపనీ నేర్పాలా, టైపూ షార్టుహ్యాండూ నేర్పాలా అన్నది ఆ మధ్యాహ్నం మూడు గంటలకి బందరులో కమిటీ తేల్చేస్తుంది. ఆఫీసరు పన్నెండుంబావు బస్సుకి బయల్దేరాలి. శౌరయ్య తయారుచేసిన పట్టిక ఆయన వెంట వెళుతుందా లేదా, అంతే ప్రశ్న. ఆధారంగా పది షెడ్ల యజమానుల సంతకాలైనా ఉంటేనే తీసుకెళతానన్నాడాయన.

ఆ పట్టిక నాలుగు పేజీలు. నూటపదమూడు షెడ్లు. పందొమ్మిదివందల పన్నెండు మంది పనివాళ్ళు. రెండేళ్ళలో ఇంకో రెండువందల అరవై మంది కావాలి. ఆర్నెల్ల పొద్దులు అందులో ఉన్నాయి. 'ఊళ్ళోవాళ్ళ ఉద్యోగాలన్నీ లెక్కపెడతారు, మీ ప్రమోషనెక్కడుందో మాత్రం లెక్కకి రాదేం?' అని అమలమ్మ సణుగుతూనే ప్రతి పొద్దునా గుణదల ఇంట్లో అయిదింటికే పొయ్యి వెలిగించింది.

ఆఫీసరు వెంకటకృష్ణారావు వయసులో శౌరయ్య కంటే పదిహేనేళ్ళు చిన్న. చెడ్డవాడు కాదు. టైముకి వస్తాడు, టైముకి రమ్మంటాడు. ఎమర్జెన్సీ రోజులు, ఆ ఏడు అన్ని ఆఫీసుల్లోనూ అదే భయం. పదిన్నర దాటితే హాజరు రిజిస్టరు లోపలికి వెళ్ళిపోతుంది. ఆరోజు శౌరయ్య పేరు పక్కన ఎర్రసిరా గీత పడింది.

"సంతకాలు వచ్చాయా శౌరయ్యగారూ?"

"వచ్చాయి సార్. తప్పుగా వచ్చాయి."

ఆఫీసరు ఫారాలు తిరగేశాడు. "సంతకం ఉంది. ముద్ర ఉంది. తేదీ ఉంది. తప్పెక్కడ?"

"అబద్ధం రాశారు సార్. నేను వెళ్ళి చూశాను. మొదటి షెడ్డులోనే పదమూడుమంది తేడా."

"ఎలా చూశారు?"

"క్యారేజీలు లెక్కపెట్టాను సార్."

పక్క బల్లల దగ్గర ఇద్దరు గుమాస్తాలు కిసుక్కుమన్నారు. ఆఫీసరు నవ్వలేదు. అదే బాధ. నవ్వితే పోట్లాడొచ్చు.

"అక్కడ ఛైర్మన్‌గారు అడిగితే ఏమని చెప్పను? మా గుమాస్తా గోడకున్న గిన్నెలు లెక్కపెట్టాడండీ, మీరు వెల్డింగు సెట్లు కొనండీ అనా?"

"టైపిస్టులు మన రిజిస్టర్లో రెండువేల మూడువందల నలభై మంది ఉన్నారు సార్. పోయినేడాది వాళ్ళకొచ్చిన ఉద్యోగాలు పదిహేడు."

"పదిహేడు వచ్చాయిగా? వెల్డర్లకి ఎన్ని వచ్చాయి?"

"మన దాకా రావు సార్. వాళ్ళు మనకి రాసి పంపరు. షెడ్డు ముందు నిలబడి..."

"సున్నా." ఆఫీసరు గడియారం చూసుకున్నాడు. "పైగా రెండువేల మంది టైపు నేర్చుకున్నారంటే జనానికి ఆ కోర్సే కావాలన్నమాట. అలాగే అర్థం చేసుకుంటారు వాళ్ళు."

శౌరయ్య పట్టికని ఆయన ముందుకి జరిపాడు. ఆకలితో నిలబడ్డ మనుషుల వరస చూపించి, ఇక్కడ ఆకలికి గిరాకీ బాగుంది అంటే ఏం జవాబు చెప్పాలి?

ఆఫీసరు పది ఫారాలూ సంచిలో పెట్టుకున్నాడు. పట్టిక బల్లమీదే వదిలేశాడు. "మీ కష్టం నాకు తెలుసు శౌరయ్యగారూ. కానీ దీనికి కాలమ్ లేదు." మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

ఆ ఫారాలు ఇవ్వకుండా ఉండాల్సింది. సైకిలు మీదనుంచి కాలవలో పడ్డాయంటే సరిపోయేది. కానీ పుచ్చుకున్న కాగితాన్ని లేదనడం శౌరయ్యకి చేతకాదు. నలభై ఏడులో, యుద్ధం నుంచి తిరిగొచ్చిన సిపాయిలకి కార్డులు రాయడానికి ఈ ఉద్యోగంలో చేరాడు. అప్పటినుంచీ ఒక్క కాగితం దాచలేదు, ఒక్క అంకె దిద్దలేదు. ఆ సంగతి ఎవరూ గమనించనూ లేదు.

పన్నెండున్నరకి అతను ఒక పని చేశాడు. సర్వీసులో అలాంటిది మొదటిసారి. సగంరోజు సెలవుచీటీ రాసి, కారణం దగ్గర 'స్వంత పని' అని పెట్టి, పట్టిక ఉన్న ఫైలు చంకన పెట్టుకుని బస్టాండుకి నడిచాడు.

*

బందరు బస్సులో కిటికీ పక్కన చోటు దొరికింది. కంకిపాడు దాటాక కాలవ నిండుగా పారుతోంది. నాట్లు పడుతున్నాయి. గాలి తగులుతున్నా శౌరయ్యకి చెమటలు ఆగడం లేదు.

ముందు ఆడవాళ్ళ సీట్లో కూర్చున్న అమ్మాయి రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది. ఇరవై ఆరు, ఇరవై ఏడు ఉంటాయి. నూలు చీర, కళ్ళజోడు, ఒళ్ళో రెగ్జిన్ సంచి.

"మీరు ఎంప్లాయ్‌మెంటాఫీసులో కదండీ పనిచేసేది? ఇప్పుడక్కడినుంచే వస్తున్నా. కార్డు రెన్యూవలుకి."

"ఏ ఊరమ్మా?"

"కూచిపూడండీ. డాన్సు వచ్చా అని అడక్కండి, అందరూ అదే అడుగుతారు. నేను టైపిస్టుని. ఛాయాదేవి నా పేరు. ఇంగ్లీషు హయ్యరు, తెలుగు హయ్యరు రెండూ పాసయ్యాను. ఏడేళ్ళుగా రెన్యూవల్ చేయిస్తానే ఉన్నా." ఎవరైనా వింటే చాలన్నట్టు చెప్పుకుపోయింది. "ప్రస్తుతానికి పామర్రులో ఎరువుల కొట్లో బిల్లులు రాస్తున్నా. వేళ్ళు మర్చిపోతాయని రోజూ పొద్దున్నే పీట మీద కొట్టుకుంటా. మా అమ్మ అంటది, చప్పుడేగానీ అక్షరం పడదేమే అని."

తన మాటకి తనే నవ్వింది. తర్వాత అడిగింది. "ఈ ఏడన్నా ఇంటర్వ్యూ కార్డు వస్తదాండీ?"

ఈ ప్రశ్నకి శౌరయ్య దగ్గర అరిగిపోయిన జవాబు ఒకటుంది. వస్తుందమ్మా, చూస్తూ ఉండు. కిటికీలోంచి వేలసార్లు ఆ మాట అన్నాడు. ఈరోజు దాన్ని పక్కన పెట్టాడు.

"రాదమ్మా," అన్నాడు. "నీ ముందు వెయ్యిమందికి పైగా ఉన్నారు. ఏడాదికి పదిహేను, ఇరవై ఉద్యోగాలొస్తాయి. నీ వంతు వచ్చేసరికి నీకు వయసు దాటిపోతుంది."

ఛాయాదేవి ముందుకి తిరిగి కూర్చుంది. ఉయ్యూరు వచ్చింది. బస్సు ఆగింది, జనం దిగారు, ఎక్కారు. బస్సు మళ్ళీ కదిలాకగానీ ఆమె ఇటు తిరగలేదు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. గొంతు మాత్రం గట్టిగానే ఉంది.

"మరి మీ ఆఫీసు మెట్ల దగ్గర బోర్డు మీద రాశారు కదండీ? టైపు నేర్చినవారికి మంచి అవకాశములు గలవు అని. మా నాన్న నన్ను అక్కడ నిలబెట్టి చదివించి మరీ ఇన్‌స్టిట్యూట్లో చేర్చాడు. ఎవరండీ అది రాసింది?"

అరవై ఎనిమిదిలో రాసిన బోర్డు. నల్లబల్ల మీద తెల్లరంగుతో, ఒక మధ్యాహ్నమంతా కూర్చుని. అప్పుడూ సంతకాలున్న ఫారాలే ఆధారం. అప్పుడూ షెడ్లు లెక్కలోకి రాలేదు. వచ్చిన కాగితాలు కూడి, తేలిన మాట బోర్డు మీద పెట్టాడు. కూడికలో తప్పు లేదు.

"నేనేనమ్మా."

ఆమె అతన్ని తేరిపార చూసింది. తిడుతుందనుకున్నాడు. తిడితే బాగుండేది.

"అక్షరాలు ముత్యాల్లా ఉండేవండీ," అంది. "అందుకే నమ్మాం."

శౌరయ్య ఫైలు తెరిచి ఆమె చేతికిచ్చాడు. ఎందుకిచ్చాడో అతనికే తెలియదు. ఆమె నాలుగు పేజీలూ వదలకుండా చదివింది. "కొట్టినవాళ్ళెవరో మార్జిను సరిగ్గా పెట్టలేదు," అని గొణిగింది. ఏమిటీ కాగితం అని అడిగింది. సీట్ల సంగతి, కమిటీ సంగతి, క్యారేజీల సంగతి చెప్పాడు. క్యారేజీలనగానే ఆమె నవ్వలేదు. మా కొట్లో పన్నెండండీ, అంది.

పామర్రులో దిగుతూ మెట్టు మీద ఆగింది. కండక్టరు విసుక్కుంటున్నా కదల్లేదు.

"మీరు చెప్పి రండి మాస్టారూ. ఇంకో నలభై ఎనిమిది మంది చేత పీటల మీద కొట్టించకండి."

*

బందరులో దిగేసరికి మూడు దాటి అయిదు నిమిషాలు. రిక్షా ఎక్కాడు. కమిటీ కూర్చున్నది ఎత్తు గుమ్మాల పాత బంగళాలో. వరండాలో ఒక బెంచీ, తలుపు దగ్గర డవాలా బంట్రోతు. అతని పేరు సొలొమోను.

"లోపల మీటింగండి."

"దానికే వచ్చాను. ఐ.టి.ఐ. సీట్లది, ఆరో అంశం, అయిపోయిందా?"

"నాలుగులో ఉన్నారు. పిలిచారా మిమ్మల్ని?"

"లేదు."

"అయితే చీటీ రాయండి. చీటీ లేకుండా మా పాస్టరుగారొచ్చినా లోపలికి పంపను." సొలొమోను జేబులోంచి చిన్న అచ్చుకాగితం తీసిచ్చాడు. పేరు, హోదా, ఊరు, పని. ఊరి దగ్గర గుణదల అని చూసి అతని మొహం కొంచెం మెత్తబడింది. "మీ ఊరి మాత తిరనాళ్ళకి మా ఆవిడ పోదామంటదండి ఏటా. మా సంఘంవాళ్ళు వద్దంటారు. ఇదుగో, పని కూడా రాయాలి."

శౌరయ్య పెన్ను పని అన్నచోట ఆగిపోయింది. ఆర్నెల్లు అక్కడ పట్టదు. రెండువేల మంది టైపిస్టులు పట్టరు. ఒక్క వరస ఖాళీ ఉంది. మూడు మాటలు రాసి ఇచ్చాడు.

సొలొమోను చీటీని లోపలికి తీసుకెళ్ళి, పద్ధతి ప్రకారం ఛైర్మన్‌గారి కుడిచేతి పక్కన పెట్టి వచ్చాడు. "పెట్టానండి. చూసి పిలుస్తారు. కూర్చోండి."

శౌరయ్య బెంచీ మీద కూర్చున్నాడు. ఫైలు ఒళ్ళో నిలబెట్టుకున్నాడు. చెప్పాల్సింది మనసులో ఒకసారి చెప్పుకున్నాడు. మొదటి మాట సిద్ధంగా ఉంది, రెండోది కూడా. భుజం నొప్పి ఛాతీలోకి దిగింది. "కాస్త మంచినీళ్ళు ఇప్పిస్తావా?" అన్నాడు.

సొలొమోను కుండలోంచి గ్లాసు ముంచుకుని వచ్చేసరికి పెద్దాయన తల వెనక్కి గోడకి ఆనించి కళ్ళు మూసుకుని ఉన్నాడు. ప్రయాణం బడలిక అనుకున్నాడు సొలొమోను. గ్లాసు బెంచీ మీద పెట్టి, తలుపు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.

లోపల కుర్చీలు జరిగాయి. ఎవరో ఆరో అంశం చదివారు. ఎవరో పది ఫారాలున్నాయన్నారు. ఇంకెవరో టైపు మిషన్లు చవగ్గా వస్తాయన్నారు. అందరూ సరేనన్నారు. నాలుగు నిమిషాలు కూడా పట్టలేదు. నలభై ఎనిమిది సీట్లు, టైపు, షార్టుహ్యాండు. తర్వాత ఏడో అంశం.

నాలుగింటికి తలుపు తెరుచుకుంది. వెంకటకృష్ణారావు బయటికొచ్చి బెంచీ చూసి నిలబడిపోయాడు.

"శౌరయ్యగారూ! మీరిక్కడికి ఎందుకొచ్చారు?"

కోపంగానే అన్నాడు. జవాబు రాలేదు. వంగి భుజం మీద చెయ్యి వేశాడు. చెయ్యి వేసినవాడు వేసినట్టే ఉండిపోయాడు. కాసేపటికి రెండోచేత్తో ఫైలు పక్కకి జారకుండా పట్టుకున్నాడు. తెరవలేదు.

డాక్టరు వచ్చి వెళ్ళాడు. వ్యాను మాట్లాడారు. గుణదలకి కబురు పంపడానికి ఎవరో ఫోను దగ్గరికి పరిగెత్తారు.

అందరూ వెళ్ళాక సొలొమోను హాలు సర్దడానికి లోపలికి వచ్చాడు. బిస్కట్ల పళ్ళేలు ఒకదాంట్లో ఒకటి పెట్టాడు. గ్లాసులు ఏరాడు. ఛైర్మన్‌గారి గ్లాసు ఎత్తితే, దాని కింద చీటీ అలాగే ఉంది. చల్లటి సోడా గ్లాసు, అడుగంతా చెమర్చి, కాగితం మీద గుండ్రంగా తడి అచ్చు పడింది. పేరు అలుక్కుపోయింది. ఊరు అలుక్కుపోయింది. తడి అందనిచోట, కింది వరసలో మాత్రం ముత్యాల్లాంటి అక్షరాలు చెక్కుచెదరకుండా ఉన్నాయి.

పని: ఒక అంకె సరిచేయుటకు.